స్పీకర్ లేకుండా బడి పిల్లలతో పండగ పాటలు, జెండా రోజు పాటలు: ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న (కొత్త టీచర్, సిద్దిపేట జిల్లా)

అందరికీ నమస్కారం. నేను ఒక పల్లెటూరి ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తున్నాను. ఒకటి నుంచి ఐదు దాకా తరగతులు, ఇద్దరం టీచర్లం, పిల్లలు 40 మంది దాకా ఉంటారు. ఈ ఏడాది కల్చరల్ ప్రోగ్రాంల బాధ్యత హెచ్‌ఎం సార్ నాకు అప్పజెప్పారు. నాకు సంగీతం రాదు, డాన్స్ రాదు. హార్మోనియం సంగతి దేవుడెరుగు, బడిలో ఒక్క డప్పు కూడా లేదు.

పోయిన ఆగస్టు 15న సౌండ్ బాక్సులు అద్దెకు తెచ్చి, సినిమా పాట పెట్టి, ఐదో తరగతిలో చురుగ్గా ఉండే నలుగురైదుగురితో డాన్స్ చేయించారు. ఊరివాళ్లు ఫోన్లలో తీసుకున్నారు, చప్పట్లు కొట్టారు. కానీ ఆ పాటలో ఒక్క ముక్క కూడా ఏ పిల్ల నోటి నుంచీ రాలేదు. మిగతా పిల్లలంతా ఎండలో కూర్చుని చూశారు. అందరూ కలిసి పాడింది జనగణమన ఒక్కటే. అది కూడా చివరికి వచ్చేసరికి గొంతు అందక సగం మంది ఆగిపోయారు.

ఈసారి అందరూ పాడాలి, అందరూ ఆడాలి అని నా కోరిక. ఆగస్టు 15, దసరా సెలవుల ముందు బతుకమ్మ, సంక్రాంతి సెలవుల ముందు ముగ్గుల రోజు, జనవరి 26, ఈ నాలుగూ తప్పనిసరిగా చేయాలి. ఏం నేర్పాలి? ఎలా నేర్పాలి? మా బడిలో ముస్లిం పిల్లలున్నారు, క్రైస్తవుల పిల్లలున్నారు. ఎవరినీ పక్కన కూర్చోబెట్టడం నాకిష్టం లేదు.

ఇంకొక్క విషయం కూడా అడగాలి. మూడో తరగతిలో ఒక పాప ఉంది. ఈ ఎండాకాలంలో వాళ్ల నాన్న పోయాడు. మొన్న బతుకమ్మ మాట వస్తే, “మా ఇంట్ల ఈసారి పండుగ లేదు టీచర్, పెత్రమాస నాడు మా నాన్నకు బియ్యం ఇస్తరు” అని చెప్పింది. ఆ పాపను ఆటలోకి పిలవాలా, వద్దా? పిలిస్తే ఎలా పిలవాలి?


జవాబు (రిటైర్డ్ తెలుగు పండిట్, జనగామ)

సంగీతం రాదని టెన్షన్ పడకమ్మా. నీకు రావలసింది మూడే. పిల్లల గొంతు ఎంత ఎత్తుకు అందుతుందో తెలియాలి, అడుగుకూ చప్పట్టుకూ లెక్క కుదరాలి, మీ ఊళ్లో ఎవరికి ఏ పాట వచ్చో కనుక్కోవాలి. నేను బడి నుంచి దిగినా బడి నా నుంచి దిగలేదు కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ముందు జనగణమన సంగతి. చివర్లో గొంతులు ఆగిపోవడంలో పిల్లల లోపం ఏమీ లేదు. ఆ పాట ‘జన’ అన్నప్పుడు కింది షడ్జమం (సరిగమల్లో ‘స’) మీద ఉంటుంది. చివర వరసగా వచ్చే మూడు ‘జయహే’ల్లో మొదటిది పై షడ్జమానికి ఎక్కుతుంది. అంటే ఎత్తుకున్న చోటు నుంచి ఒక స్థాయి మొత్తం పైకి పోవాలి. హుషారులో ఎవరో పై గొంతుతో ఎత్తుకుంటారు, జయహే దగ్గరికి వచ్చేసరికి అందరి గొంతూ చీలుతుంది. దానికి భయపడి సార్ తన గొంతుకు తగ్గట్టు బాగా కిందికి ఎత్తుకుంటే, పిల్లలకు ‘జన’ దగ్గరే శబ్దం రాదు, గొణుగుతారు. నేను చేయించే పద్ధతి చెప్తాను. ముందు ఆ ‘జయహే’ ఒక్కటే పాడించు. మెడ నరాలు బిగియకుండా, భుజాలు లేపకుండా అందరికీ అందే చోటు వెతుకు. అది దొరికాక అక్కడి నుంచి మెల్లగా కిందికి దిగితే ‘జన’ ఎక్కడుండాలో తెలుస్తుంది. ఫోన్లో తంబూరా యాప్ పెట్టుకుంటే ఆ శ్రుతి గుర్తుంటుంది. చిన్నపిల్లలకు చాలావరకు ఐదు, ఐదున్నర శ్రుతి (యాప్‌లో G, G#) దగ్గర హాయిగా ఉంటుంది. జెండా ఎగరేసే రోజు పాట ఎత్తుకునే పని పెద్దవాళ్లకు ఇవ్వకు. గొంతు నిలకడగా ఉన్న ఒక అమ్మాయికో అబ్బాయికో ఇవ్వు. మొత్తం గీతం 52 సెకన్లలో అయిపోవాలి. సాగదీస్తే ఊపిరి చాలదు.

పాడించేటప్పుడు ఒక్క ముక్క కథ కూడా చెప్పు. ఈ పాటకు మనం పాడే వరసను స్వరాలు కట్టి రాసిపెట్టింది మన తెలుగు నేల మీదే, మదనపల్లె కాలేజీలో. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడికి వచ్చినప్పుడు మార్గరెట్ కజిన్స్ గారు ఆ పని చేశారు. మ్యాపు మీద మదనపల్లె మీద వేలు పెట్టించు. అలాగే పిల్లలు రోజూ చెప్పే ‘భారతదేశం నా మాతృభూమి’ ప్రతిజ్ఞను 1962లో రాసిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారిది నల్గొండ దగ్గర అన్నెపర్తి. ఇవి చెప్పిన రోజు నుంచి పిల్లలు ప్రతిజ్ఞలో మాటలు మింగేయడం తగ్గుతుంది, నువ్వే చూస్తావు.

ఇక ఆగస్టు 15 పాట. గురజాడ 1910లో రాసిన ‘దేశమును ప్రేమించుమన్నా’ పెట్టుకో. అందరికీ తెలిసిందే కదా అనుకుంటావేమో. తెలిసిన పాటనే పిల్లలు కాళ్లతో పాడగలరు. దాని నడక చూడు: మూడు, నాలుగు, మూడు, నాలుగు. ‘దేశ’ అంటే మూడు మాత్రలు (తాళంలో మూడు లెక్కలు), ‘మును ప్రే’ అంటే నాలుగు, ‘మించు’ మూడు, ‘మన్నా’ నాలుగు. అంటే తకిట, తకధిమి, తకిట, తకధిమి. మొదట పాట జోలికే పోకు. పిల్లలను గుండ్రంగా నిలబెట్టి ‘తకిట’ అన్నప్పుడు ఒక అడుగు, ‘తకధిమి’ అన్నప్పుడు రెండు అడుగులు వేయించు. నోటితో తకిట తకధిమి అంటూనే ఉండాలి. ఒకటో తరగతి పిల్లలు మొదట తికమక పడతారు, పడనీ. అడుగు కుదిరాక చప్పట్లు కలుపు. చప్పట్లు కుదిరాక ఏ ముందుమాటా లేకుండా పాట ఎత్తుకో. మాటలు వాటంతట అవే ఆ అడుగుల మీద కూర్చుంటాయి. బట్టీ పెట్టించే పని ఉండదు. అదే డాన్స్, అదే పాట. అద్దె డ్రెస్సులు వద్దు, బుగ్గలకు రంగులు వద్దు. 40 మందీ ఒకే వలయంలో ఉంటే వెనక వరస అనేదే ఉండదు, నాకు అదే ముఖ్యం.

బతుకమ్మ దగ్గర కాస్త ఆగుదాం. బళ్లలో దీన్ని ఒక్క పూట కార్యక్రమం చేసేశారు. పట్టులంగాలు, ఫొటోలు, డీజే పాట, అయిపోయింది. చిన్నపిల్లలకు దీనికంటే ముందు వచ్చే బొడ్డెమ్మ ఉంది. పెళ్లికాని ఆడపిల్లల ఆట అది, భాద్రపదంలో అమావాస్యకు ముందు ఆడతారు. పీట మీద పుట్టమన్నుతో మెట్లు మెట్లుగా గద్దె కట్టి, ఎర్రమన్నుతో అలికి, పూలు పెట్టి, పైన కలశం పెడతారు. చుట్టూ తిరిగి ఆడి, చివరికి బొడ్డెమ్మను నిద్రపుచ్చే పాట పాడతారు. బడి వరండాలో ఆ గద్దె కట్టించు. మన్ను తడిపి తొక్కే పని, మెట్లు తీర్చే పని మగపిల్లలకూ ఇవ్వు. రోజూ చివరి పీరియడ్‌లో పది నిమిషాలు చాలు. బతుకమ్మ నాటికి ఒక్క రిహార్సల్ అవసరం పడదు.

బతుకమ్మ పాటలో పిల్లలకు అనుకూలమైన గుణం ఒకటుంది. చెప్పేవాళ్లు ఒకరు, అందుకునేవాళ్లు అందరూ. అందుకునేవాళ్లకు ‘ఉయ్యాలో’ అనడం వస్తే చాలు. కోల్, చందమామ, గౌరమ్మ, వలలో, ఇలా ఏ పాటకు ఆ పల్లవి. బొత్తిగా మాట్లాడని పిల్ల కూడా ‘ఉయ్యాలో’ అంటుంది. అడుగు కూడా తేలికే. ముందుకు అడుగేస్తూ నడుం కొద్దిగా వంచి లోపలికి ఒక చప్పట్టు, లేస్తూ ఇంకొక చప్పట్టు. చప్పట్టు పడే చోటనే మాట బరువు పడాలి. పాట చెప్పడానికి ఊళ్లో ఒక అవ్వను పిలువు. ఏ అవ్వను పిలవాలని పిల్లలనే అడుగు, వాళ్లకు తెలుసు. వచ్చిన అవ్వకు మైకు ఇవ్వకు. మైకు చేతికి రాగానే మన అవ్వలు బిగుసుకుపోతారు.

తంగేడు, గునుగు ఎక్కడ పూసిందో మగపిల్లలకు బాగా తెలుస్తుంది. చెలకల గట్లన్నీ వాళ్లవే. పూలు తెచ్చిన వాళ్లు ఆటలోకి కూడా వస్తారు. బడి వలయంలో ఆడ, మగ తేడా పెట్టకు.

ఇప్పుడు ఆ పాప గురించి. పెత్రమాస అంటే భాద్రపద అమావాస్య, ఎంగిలిపూల బతుకమ్మ అంటే బతుకమ్మ మొదటి రోజు, రెండూ ఒకే రోజు వస్తాయి. పొద్దున పెద్దలకు బియ్యం ఇచ్చుకుంటారు, పోయినవాళ్ల పేర్లు చెప్పుకుంటారు. సాయంత్రం ఆడబిడ్డలు పూలు పేర్చి ఆడతారు. పోయినవాళ్లను తలుచుకోవడం, పాడుకోవడం మనకు రెండు వేరు వేరు రోజులు కావు. దీన్ని పట్టుకొని నేను మా పిల్లలతో ఒక పని చేయించేదాన్ని. బతుకమ్మకు వారం ముందు, ‘మీ ఇంట్లో పోయిన పెద్దవాళ్లు ఎవరో, వాళ్లు చేసిన ఒక్క పని ఏమిటో ఇంట్లో అడిగి రండి’ అని చెప్పేదాన్ని. గొప్ప పని కానక్కర్లేదు. బావి తవ్విండు, బీడీలు చుట్టింది, ఎడ్లకు పేర్లు పెట్టిండు, ఏదైనా సరే. దాన్ని ఉయ్యాలో వరసలో పెట్టడమే. ఉదాహరణకు:

మా ఊరి చెరువెంట ఉయ్యాలో
తంగేడు పూసింది ఉయ్యాలో
బడిపిల్లలము మేము ఉయ్యాలో
బుట్టలే పట్టాము ఉయ్యాలో
మా తాత నాటిండు ఉయ్యాలో
మామిడీ మొక్కల్ని ఉయ్యాలో

‘మా ఊరి’ ఐదు మాత్రలు, ‘చెరువెంట’ ఐదు. ఐదూ ఐదూ పెట్టి ఉయ్యాలో తగిలిస్తే వరస నిలబడుతుంది. పిల్లలకు మాత్రలు చెప్పనక్కర్లేదు, చప్పట్టు మీద ఇమిడిందా లేదా అని వాళ్లకే తెలుస్తుంది. ఇమడకపోతే ‘మామిడి’ని ‘మామిడీ’ అని వాళ్లే సాగదీస్తారు. ఇందులో ముస్లిం పిల్ల నానమ్మ వస్తుంది, చర్చికి పోయే పిల్లవాడి తాత వస్తాడు. ఎవరి పెద్దలు వాళ్లకున్నారు. గద్దె దగ్గర దండం పెట్టమని మాత్రం ఎవరినీ అడగకు. వలయంలో ఆడితే చాలు.

ఆ పాప విషయంలో ముందు వాళ్ల అమ్మ దగ్గరికి వెళ్లు. ఇంట్లో మనిషి పోయిన ఏడాది పండగ చేసుకోకపోవడం మన దగ్గర ఉన్నదే, దాన్ని కాదనే హక్కు బడికి లేదు. ‘ఇంట్లో పండగ చేయరు సరే, బడిలో పాప ఆడితే మీకు పట్టింపు ఉందా’ అని తిన్నగా అడుగు. ఎక్కువమంది తల్లులు ఆడనీయమనే అంటారు. వద్దంటే పాపకు ఆటలోనే వేరే పని ఇవ్వు. పూలు అందించడం, తాళం వేయడం, అలాంటివి. అందరి ముందూ ‘నువ్వు మీ నాన్న గురించి చెప్పు’ అని ఎప్పుడూ అడగకు. వారం ముందే అందరికీ చెప్పి ఉంటావు కాబట్టి, చెప్పాలనుకుంటే తనే వస్తుంది. రాకపోతే రాలేదు.

సంక్రాంతికి గొబ్బి పాటలు. అన్నమయ్యే గొబ్బి పాటలు రాశాడంటే, ఆయనకు ముందే పల్లెల్లో ఆడపిల్లలు ఆడుతున్నారన్నమాట. కోలాటం గురించి మాత్రం నాకంటే బాగా తెలిసినవాళ్లు ఇక్కడున్నారు, వాళ్లు చెప్తే బాగుంటుంది.


జవాబు (పీర్ల కొట్టం పక్క ఇల్లు మాది, భువనగిరి వైపు)

మేడం చెప్పినవి చాలా బాగున్నాయి. ముస్లిం పిల్లల మాట వచ్చింది కాబట్టి ఒక్కటి కలుపుతాను.

మా ఊళ్లో పీర్ల పండగకు, అంటే మొహర్రానికి, అందరం ఆడతాం. మా తాతలు కుమ్మరులు, మా ఇంట్లో పీరుకు మొక్కు ఉంది. గుండం తవ్వి నిప్పు చేసి, డప్పుల మీద చుట్టూ తిరుగుతూ ప్రవక్త మనవళ్లు హసన్, హుస్సేన్‌ల మీద తెలుగులోనే పాటలు పాడతారు. పిల్లలు పెద్దల నడుములు పట్టుకొని తిరుగుతూనే అడుగు నేర్చుకుంటారు, ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. కర్బలా యుద్ధంలో చనిపోయినవాళ్లను తలుచుకునే రోజులవి. పదో రోజు పీర్లను సాగనంపేటప్పుడు మా అమ్మ ఏడుస్తుంది.

అందుకే టీచర్ గారూ, దీన్ని స్టేజీ ఐటెం చేయకండి. ‘మత సామరస్యం’ అని బోర్డు పెట్టి టోపీలు పెట్టించి ఆడిస్తున్న బళ్లు కొన్ని ఉన్నాయి. అది శోకం, డ్రెస్ కాదు. మొహర్రం ఏటా కిందటేటి కంటే సుమారు 11 రోజులు ముందుగా వస్తుంది. బడి ఉన్న రోజుల్లో వస్తే, మరుసటి రోజు తరగతిలో ‘నిన్న ఏం పాడారు?’ అని అడగండి చాలు. ఏ కులం పిల్లవాడైనా లేచి చెప్తాడు. ముస్లిం పిల్లలనే నిలబెట్టి అడగకండి. మా దగ్గర చాలాసార్లు వాళ్లకంటే మిగతావాళ్లకే ఆ పాటలు ఎక్కువ వస్తాయి.


జవాబు (కోలాటం నేర్పుతాను, భీమవరం దగ్గర)

పండిట్ గారూ నన్నే పిలిచినట్టుంది, నమస్కారమండి.

టీచర్ గారూ, సంక్రాంతికి కోలాటం పెట్టుకోండి, కానీ నవంబరులోనే మొదలెట్టండి. కోలలు దుకాణంలో కొననక్కర్లేదు. పిల్ల మోచేయి నుంచి వేళ్ల కొసల దాకా ఎంత ఉందో అంత పొడుగు కర్రలు చాలు. ఊళ్లో వడ్రంగి ఉంటే అంచులు గుండ్రంగా తీసి ఇస్తాడు. బరువైన కర్ర ఇస్తే చిన్నపిల్లలకు మణికట్టు నొప్పి పుడుతుంది, కొట్టడం బలంగా వచ్చేస్తుంది, వేళ్లు నలుగుతాయి. కోలను చివర పట్టుకోవాలి, మధ్యలో కాదు. ఇది మొదటి రోజే చెప్పాలండి.

మొదటి వారం ఎవరి కోలలు వాళ్లే కొట్టుకోవాలి. రెండు కోలలూ ఒకదాన్నొకటి తాకించడం, అడుగు, మళ్లీ తాకించడం. పక్కవాళ్లతో కొట్టే కోపు (కోలలు కొట్టే వరస) తర్వాత. కోపు మారేటప్పుడు పంతులు కేక వేయాలి, మీరు నోటితోనే వేయండి, ఈల వద్దు. పిల్లలు ఈలకు డ్రిల్ అనుకొని బిగుసుకుంటారు.

ఐదో తరగతి వాళ్లకు కుదిరితే జడ కోలాటం చూపించండి. మధ్యలో గుంజ, పై నుంచి రంగు రంగుల తాళ్లు, ఒక్కొక్కరి చేతికి ఒక్కొక్కటి. పిల్లలు సరి సంఖ్యలో ఉండాలి. సగం మంది ఇటు, సగం మంది అటు తిరుగుతారు. ఎదురైనవాళ్లను ఒకసారి బయటి నుంచి, ఒకసారి లోపలి నుంచి దాటాలి. అలా పోతుంటే పైన జడ అల్లుకుంటుంది. తర్వాత అదే లెక్కన వెనక్కి తిరిగితే విడిపోతుంది. ఒక్కరు తప్పినా ముడి పడుతుంది, ఆ ముడి ఎవరి దగ్గర పడిందో పిల్లలే కనిపెడతారు. మొదట తాళ్లు లేకుండా ఖాళీ చేతులతో నడిపించండి. గుంజ గట్టిగా పాతించండి, పిల్లలు లాగుతారు.

మా వైపు దసరాకు పిల్లలు, అయ్యవారు కలిసి ఇల్లిల్లూ తిరిగే ఆచారం ఉండేదండి. పూలు చుట్టిన విల్లంబులు పట్టుకొని ‘జయీభవ దిగ్విజయీభవ’ అంటూ పాడేవారు. అయ్యవారికి ఐదు వరహాలు, పిల్లలకు పప్పు బెల్లాలు చాలని అడిగే పాట అది. మా నాన్నగారు ఆ పాట పాడుతూ తిరిగిన పిల్లల్లో ఒకరు. మీ బడిలో వెదురుపుల్లలతో విల్లులు చేయించి బడి ఆవరణలోనే ఆడించినా పిల్లలకు భలే సరదాగా ఉంటుంది. వరహాలు మాత్రం అడగకండి, పప్పు బెల్లాలు మీరే పంచండి.


జవాబు (ఇద్దరు పిల్లల తల్లి, డాలస్)

మాది హన్మకొండ. ఇక్కడ బతుకమ్మకు తంగేడు దొరకదు. బంతి, చామంతి, ఇండియన్ స్టోర్‌లో దొరికిన పూలతో పేరుస్తాం. హాల్ పెద్దది, స్పీకర్లు పెద్దవి, పాట ఎవరిదో రికార్డింగ్. మా అమ్మాయి చప్పట్లు బాగా కొడుతుంది, పాట రాదు. మీ పోస్ట్ చదివి నాకు చాలా బాధ కలిగింది, అదే సమస్య మా ఇంట్లో కూడా ఉంది కాబట్టి.

వీడియో కాల్‌లో అత్తమ్మ దగ్గర నేర్పిద్దామని చూశాను. కాల్‌లో శబ్దం కొంచెం ఆలస్యంగా వస్తుంది కదా, ఇద్దరి చప్పట్లూ కలవవు, ఇద్దరూ విసుక్కుంటారు. అందుకని ఇప్పుడు అత్తమ్మ రోజుకు రెండు వరసలు వాయిస్ మెసేజ్ పెడుతుంది. మా అమ్మాయి స్కూల్ బస్ కోసం నిలబడి వింటుంది, సాయంత్రం తను పాడి పంపుతుంది. ఇది నడుస్తోంది.

జనవరి 26కు పనికొచ్చే సంగతి ఒకటి చెప్తాను. ఇక్కడ నవంబర్ 11న వెటరన్స్ డే, సైన్యంలో పనిచేసినవాళ్లను గౌరవించే రోజు. మా అబ్బాయి స్కూల్లో పిల్లలే పాడతారు. ఆర్మీకి ఒక పాట, నేవీకి ఒక పాట, అలా వరసగా. ఏ దళం పాట వస్తే ఆ దళంలో పనిచేసిన తాతలు, తల్లిదండ్రులు లేచి నిలబడతారు. ఉపన్యాసం ఉండదు. మొదటిసారి చూసినప్పుడు నాకు కళ్లనీళ్లు ఆగలేదు. మీ ఊళ్లో కూడా సైన్యంలో చేసి వచ్చినవాళ్లు ఉండే ఉంటారు. పిల్లలు పాడుతుండగా వాళ్లు లేచి నిలబడితే ఎంత బాగుంటుందో చూడండి.


ప్రశ్న అడిగిన టీచర్

అందరికీ ధన్యవాదాలు. ఇవాళ ‘తకిట తకధిమి’ మొదలుపెట్టాను. రెండో తరగతి వాళ్లు మధ్యాహ్న భోజనం లైన్లో కూడా పళ్లెం మీద అదే కొడుతున్నారు, వంట అక్క కేకలేసింది. జయహే నుంచి కిందికి దిగే పద్ధతి కూడా చేసి చూశాం, ‘జన’ నేను అనుకున్న దానికంటే చాలా కింద పడింది. నాలుగో తరగతి అబ్బాయి ఒకడు ఎత్తుకుంటే అందరికీ అందింది.

పాప వాళ్ల అమ్మను కలిశాను. బడిలో ఆడనీయండి అంది. పాపకు నేనేమీ చెప్పలేదు. కానీ ఇవాళ ఇంటికి పోయేముందు నా టేబుల్ దగ్గరికి వచ్చి, “మా నాన్న పెద్దమనిషి కాదు కద టీచర్, పాటల పెట్టొచ్చా?” అని అడిగింది. పెట్టొచ్చు అన్నాను. పండిట్ గారూ, నేను సరిగ్గానే చెప్పానా? ఇంకొకటి, పిల్లలు తెచ్చిన వరసలు 40 దాకా ఉంటే అన్నీ ఎలా పాడించాలి? అవ్వ అన్నీ గుర్తుపెట్టుకోలేదు.


జవాబు (రిటైర్డ్ తెలుగు పండిట్, జనగామ)

సరిగ్గానే చెప్పావమ్మా. పోయినవాళ్లు వయసుతో పనిలేకుండా ఆ రోజు పెద్దల్లోనే కలుస్తారు. పాప రేపు అడిగితే ఈ మాట కూడా చెప్పు.

40 వరసలూ అవ్వ చెప్పక్కర్లేదు. అవ్వ మొదలుపెట్టి నాలుగు వరసలు చెప్పి, తన పక్కనున్న పిల్ల వైపు చూడాలి. ఆ పిల్ల తన వరస చెప్తుంది, అందరూ ‘ఉయ్యాలో’ అంటారు. తర్వాత దాని పక్క పిల్ల. వలయం తిరుగుతూనే ఉంటుంది, వంతు కూడా వలయం వెంట తిరుగుతుంది. వరస మరిచిపోయిన పిల్ల ఒట్టి ‘ఉయ్యాలో’ అంటే సరిపోతుంది, ఆట ఆగదు. అన్ని వరసలూ ఒకే రోజు వద్దు. బొడ్డెమ్మ ఆడే రోజుల్లో తరగతికొక రోజు పంచు. ఐదు తరగతులు, ఐదు రోజులు. మూడో తరగతిని మొదటి రోజు పెట్టకు, మధ్యలో పెట్టు. అప్పటికి ఆ పాప రెండు తరగతుల పిల్లలు ఎలా చెప్పారో చూసి ఉంటుంది.

వరసలన్నీ ఒక నోటుబుక్కులో పిల్లల చేతనే రాయించి, కింద పేరు, తరగతి వేయించు. బడిలోనే ఉంచు. వచ్చే ఏడాది కొత్తగా వచ్చే ఒకటో తరగతి వాళ్లకు పాట చెప్పడానికి అప్పటికి అవ్వతో పాటు నీ ఐదో తరగతి వాళ్లు కూడా ఉంటారు.

వంట అక్కకు పాట వచ్చేమో అడిగావా? ముందు ఆమెను అడుగు.